మడికేరి కారు, నేరేడ్‌మెట్ అడ్రసు

రెజిమెంటల్ బజార్‌లో పాతకార్ల బ్రోకరు ప్రభుదాస్. ముప్పై ఏళ్ళుగా అతని చేతిమీదుగా వందల కార్లు పోయాయి గానీ ఒక్కటీ అతని పేరున లేదు. అది ఆ వ్యాపారంలో పద్ధతి. బదిలీ మీద వెళ్ళే మిలిటరీవాళ్ళు అమ్మకం ఫారాల మీద సంతకం పెట్టి, కొనేవాళ్ళ పేరు ఖాళీగా వదిలి ఇస్తారు. బేరం కుదిరాక ప్రభుదాస్ ఆ ఖాళీ నింపుతాడు. మధ్యలో తన పేరు రాసుకుంటే కారుకు ఒక ఓనరు పెరుగుతాడు, ధర పడిపోతుంది. తాను మాత్రం స్కూటరు మీదే తిరుగుతాడు. ఆదివారం చర్చికి భార్య ఎమిలీ ఆ స్కూటరు వెనకే, కుచ్చిళ్ళు ఒడిసిపట్టుకుని కూర్చుంటుంది.

కెప్టెన్ బోపయ్యగారి జెన్ కారూ అలాగే వచ్చింది. మడికేరిలో రిజిస్టరైన కర్ణాటక బండి. దాన్ని నేరేడ్‌మెట్‌లో ఉండే రోసమ్మ టీచరు కొంది. ఆమెదీ వీళ్ళ చర్చే.

"నెల రోజుల్ల ఏపీ నంబరుతోని మీ ఇంటి ముందట ఉంటది టీచరమ్మా. టాక్స్ సుత నేనే కడ్త" అని మాటిచ్చాడు ప్రభుదాస్. ముప్పై ఏళ్ళలో కాగితాల పంచాయితీతో ఎవరూ అతని దగ్గరికి తిరిగి రాలేదు. వ్యాపారమంతా ఆ మంచిపేరు మీదే నడుస్తోంది.

మడికేరి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తేవడానికి రెండుసార్లు బస్సులో వెళ్ళొచ్చాడు. ఈ బండిని ఫలానా ఆఫీసులో రిజిస్టరు చేసుకోవడానికి మాకు అభ్యంతరం లేదు అని రాసిచ్చే కాగితం అది. ఫలానా అన్నచోట తడుముకోకుండా 'సికింద్రాబాద్' అని రాయించాడు మహానుభావుడు. ఈలోగా బోయిన్‌పల్లి దగ్గర చెకింగులో టీచరు బండి ఆపారు. వారంలోగా ఇక్కడి టాక్స్ కట్టి రిజిస్ట్రేషన్ చేయించకపోతే సీజ్ చేస్తామని చీటీ చేతిలో పెట్టారు.

సికింద్రాబాద్ ఆర్టీఓ ఆఫీసులో గుమాస్తా వెంకటేశ్వర్లు ఫైలు తిరగేసి వెనక్కి నెట్టాడు.

"నేరేడ్‌మెట్ మాకు రాదు. అది రంగారెడ్డి జిల్లా."

"పిన్‌కోడుల సికింద్రాబాదే ఉంది గద సార్."

"అది పోస్టాఫీసోళ్ళ సికింద్రాబాద్. ఎన్‌ఓసీ వాపస్ చేసి, రంగారెడ్డి ఆఫీసు పేరున మళ్ళ తెప్పించుకో. పాత ఓనరు కొత్తగ సంతకం పెట్టాలె."

పాత ఓనరు అప్పటికే అరుణాచల్‌లో, ఫోను కలవని చోట ఉన్నాడు. వారంలో జరిగే పని కాదు. ప్రభుదాస్‌కు భయం పట్టుకుంది. ఆ భయంలోనే, సికింద్రాబాద్ అడ్రసు చూపించడానికి, తన మేడమీది గదిలో రోసమ్మ అద్దెకుంటున్నట్టు స్టాంపు కాగితం రాయించి, సాయంత్రం ఆమె ఇంటికి పట్టుకుపోయాడు.

టీచరు దాన్ని పరీక్ష పేపరు దిద్దినంత శ్రద్ధగా చదివింది. "మీ ఇంట్లో నేనెప్పుడున్నానండీ?"

"ఊకె కాగితం మీదనే. అందరు గిట్లనే చేస్తరు."

"ఆదివారం పిల్లలకి అబద్ధసాక్ష్యం గురించి పాఠం చెప్పాలి ప్రభుదాస్‌గారూ. పట్టుకుపోతే పోనివ్వండి బండిని."

కాఫీ ఇచ్చింది, గొంతు పెంచలేదు. అరిచే కస్టమర్లతో వేగడం అలవాటైన మనిషికి అక్కడ తల ఎత్తబుద్ధి కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇంటికొచ్చి ఫారాలు ముందేసుకున్నాడు. బోపయ్య సంతకం, కింద ఖాళీ. బోపయ్యకు డబ్బిచ్చి నిజంగా కారు కొన్నదెవరు? తానే. తానుండేది రెజిమెంటల్ బజార్, ఎవరి లెక్కలో చూసినా సికింద్రాబాదే. ఆ ఖాళీలో తన పేరు రాశాడు. మర్నాడు టీచరు దగ్గర్నుంచి బండి తెచ్చి, తన పేరునే లైఫ్ టాక్స్ కట్టి రిజిస్ట్రేషన్‌కు పెట్టాడు. ఇక టీచరు పేరుకు మార్చడం రాష్ట్రంలోపలి పని, మళ్ళీ టాక్స్ ఉండదు. ఒక ఓనరు పెరిగినందుకు తగ్గే ధర ఆమెకు వెనక్కి ఇస్తానని ఫోనులో చెప్పేశాడు. ఆ బేరంలో అతనికి మిగిలింది మడికేరి బస్సు టిక్కెట్లే.

గడువుకు ఒక రోజు ముందు, శుక్రవారం నాడు రిజిస్ట్రేషన్ కార్డు చేతికొచ్చింది. ఎమిలీ చేతులు తుడుచుకుని అందుకుంది. యజమాని అన్నచోట భర్త పేరు రెండుసార్లు చదివింది.

"మనదేనా?"

"సోమవారం దాంక. అటెన్క టీచరమ్మది."

"నడుమ ఆదివారం ఉన్నది గద" అంది ఎమిలీ.

ఆదివారం ఆమె పట్టుచీర కట్టి ముందు సీట్లో కూర్చుంది. కుచ్చిళ్ళు పట్టుకునే పని లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. చర్చి గేటు దగ్గర రోసమ్మ ఎదురొచ్చి, తన కారునే చూసి, "మీ బండి బాగుందండీ ఎమిలీగారూ" అంది.

సోమవారం పొద్దున ప్రభుదాస్ అమ్మకం ఫారం తీశాడు. అమ్మేవాడి చోట తన సంతకం పెట్టడం జన్మలో అదే మొదటిసారి. కొనేవాళ్ళ పేరు ఖాళీ వదలకుండా రోసమ్మ పేరు, నేరేడ్‌మెట్, రంగారెడ్డి జిల్లా అని పూర్తిగా రాశాడు.  సిరా ఆరేదాకా ఎమిలీ కార్డును ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, తర్వాత ఇచ్చేసింది.