ఏడు గాట్లు

మా ఆయనకు బదిలీ అయిన ఊరు పదిహేను వందల కిలోమీటర్ల దూరం. సామాను లారీ, రైలు టికెట్లు, అక్కడ అద్దె ఇల్లు అన్నీ ఆయనే చూసుకున్నారు. కారు ఒక్కటీ నాకు వదిలేశారు. ఆయనకు డ్రైవింగ్ రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. అంత దూరం నడుపుకుంటూ పోయే ధైర్యం నాకు లేదు. అందుకని కార్లను లారీలకెక్కించి తీసుకుపోయే కంపెనీల నంబర్లు ఒక కాగితం మీద రాసి, ఫ్రిజ్ తలుపుకి అంటించి, "నీ కారు, నీ ఇష్టం," అన్నారు.

అది నా కారు కాదు, అక్కది. అక్క పోయి పద్నాలుగు నెలలయింది.

అక్క హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేది. తొమ్మిదేళ్ళపాటు రోజూ పొద్దున ఎనిమిదింపావుకి మా గుమ్మం ముందు ఆగి, నన్ను నేను పనిచేసే కళ్ళద్దాల షాపు దగ్గర దించి, బడికి పోయేది. సెలవు రోజుల్లో బడి మైదానంలో నాకు నడపడం నేర్పింది కానీ, తనుండగా నేనెప్పుడూ స్టీరింగు పట్టలేదు. పక్క సీట్లో కూర్చుని కబుర్లు చెప్పడమే నా ఉద్యోగం.

అక్క పొడగరి. పిల్లలు చాటుగా జిరాఫీ మేడమ్ అనేవాళ్ళు. నేను దాని భుజానికి వస్తాను. గుడ్డంతా పెద్దదానికే అయిపోయింది, మిగిలిన ముక్కతో చిన్నదాన్ని కుట్టాను అనేది అమ్మ.

కారు నా చేతికొచ్చాక డ్రైవరు సీటు నేను జరపలేదు. వీపు వెనక దిండు పెట్టుకుని, సీటు అంచుకి జరిగి, మునివేళ్ళతో క్లచ్ తొక్కుతూ షాపుకి పోయి వస్తున్నాను. కాళ్ళ కింద మ్యాట్ మీద అక్క మడమ రాపిడికి ఒక చోట చిల్లు పడింది. నా మడమ దానికి జానెడు ఇవతలే ఆనుతుంది. ఫోటోల్లో అక్క నవ్వు ఉంది, చీరలున్నాయి, కానీ ఎంత మనిషో తెలియదు. ఆ సీటుకీ స్టీరింగుకీ మధ్య ఉన్న ఖాళీ మాత్రం సరిగ్గా అక్కంత.

మొదటి కంపెనీ అతను చాలా మర్యాదస్తుడు. మూసి ఉన్న కంటైనర్లో తీసుకెళ్తామన్నాడు, ట్యాంకులో పావు వంతు కంటే ఎక్కువ పెట్రోలు ఉంచొద్దన్నాడు, ఇన్సూరెన్సు కాగితాలు అడిగాడు. లారీ మీదికి ఎలా ఎక్కిస్తారని అడిగాను. ర్యాంపు వేసి, మావాడు నడిపి ఎక్కిస్తాడన్నాడు.

"మీవాడి ఎత్తెంత?"

అతను కంటైనరు ఎత్తు చెప్పాడు. కంటైనరు కాదు, మనిషి ఎత్తు అన్నాను. కనుక్కుని చెప్తామని పెట్టేసినవాడు మళ్ళీ చేయలేదు.

రెండో కంపెనీ అతను పెద్దగా నవ్వి, ఇద్దరున్నారు, ఒకడు పొట్టి ఒకడు పొడుగు, ఆ రోజు ఎవడు ఖాళీగా ఉంటే వాడొస్తాడన్నాడు. కాగితం మీద అతని నంబరు కొట్టేశాను.

మా ఆయన అట్టపెట్టెలో గిన్నెలు సర్దుతూ అన్నీ వింటున్నారు. "కారు పంపుతున్నావా, సంబంధం చూస్తున్నావా? అబ్బాయి రంగు కూడా అడక్కపోయావా," అన్నారు. కాసేపాగి మెల్లగా, "కొలిచి రాసిపెట్టుకోరాదూ? అక్కడికెళ్ళాక మళ్ళీ అలాగే పెట్టుకోవచ్చు. రోజూ మిల్లీమీటర్లు కొలిచేదానివేగా," అన్నారు.

నిజమే. కంటికీ కంటికీ మధ్య దూరం రెండు మిల్లీమీటర్లు తప్పితే జనం తలనొప్పని అద్దాలు వెనక్కి తెస్తారు. కొలవడం నాకు చేతకాక కాదు.

"అప్పుడది నేను పెట్టింది అవుతుందండీ," అన్నాను. ఆయన గరిటెలు కాగితంలో చుట్టడం మొదలుపెట్టారు.

మూడో నంబరుకి చేస్తే ఒకావిడ ఎత్తింది. వాళ్ళాయనా తమ్ముడూ నడిపే చిన్న కంపెనీ అట, ఉన్నవి రెండే లారీలు. ఆవిడ నవ్వలేదు. ఎందుకమ్మా అని అడిగింది. చెప్పాను. అంత పొడుగ్గా ఎవరికీ చెప్పలేదు, ఎందుకో ఆవిడకి చెప్పాను. ఒక్క నిమిషం అని ఫోను పక్కన పెట్టి కేకేసింది. "ఒరేయ్, ఆ గుమ్మం దగ్గర నిలబడు. తిన్నగా నిలబడరా, దేవుడిచ్చిన ఎత్తు దాచుకుంటావేంటి!" మళ్ళీ ఫోను తీసుకుని, మా తమ్ముడు అయిదడుగుల పదకొండు, సరిపోతాడా అంది.

అక్క అయిదడుగుల తొమ్మిది. సరిపోతాడన్నాను. మిగతావాళ్ళకంటే వాళ్ళు నాలుగు రోజులు ఆలస్యంగా చేరుస్తారు, పైకప్పు లేని లారీ, ఎండా వానా తప్పదు. అయినా వాళ్ళకే ఒప్పుకున్నాను.

ఎక్కించే రోజు ఉదయం పదింటికి లారీ వచ్చి వీధి చివర ఆగింది. అందులోంచి దిగిన మనిషి నాకంటే రెండంగుళాలు ఎక్కువేమో. గుండ్రటి మనిషి, చెవి వెనక పెన్సిలు. పొడుగాయనకు నిన్న నడుం పట్టేసిందని, మంచం దిగలేకపోతున్నాడని, తను అతని బావనని, ఫోనెత్తిన ఆవిడ భర్తనని చెప్పాడు.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. అప్పుడే ఆవిడ ఫోను చేసింది. "పొద్దుటి నుంచీ నీకెలా చెప్పాలా అని చూస్తున్నానమ్మా. కావాలంటే వారం ఆగు, వాడే వస్తాడు," అంది. వారం ఎక్కడ ఆగను? ఇల్లు ఖాళీ అయిపోయింది, రేపు పొద్దున తాళాలు ఇచ్చేయాలి, మధ్యాహ్నం రైలు.

దిండు తెచ్చి ఆ మనిషికిచ్చాను. ఆయన సీట్లో కూర్చుని, దిండు పెట్టుకుని, కాలు చాపి చూశాడు. దిగిపోయాడు.

"ఇలా రోడ్డు మీద నడపొచ్చమ్మా. ర్యాంపు మీద కాలు పూర్తిగా అందకపోతే కారూ దక్కదు, నేనూ దక్కను. మా ఆవిడ చెప్పింది నాకు సంగతంతా." చెవి వెనక పెన్సిలు తీశాడు. "సీటు నేను ముట్టుకోను. మీరే జరపండి. కింద పట్టాకి గాట్లుంటాయి, ఎన్ని జరిగిందో నేను లెక్కపెడతాను."

మోకాళ్ళ మీద కూర్చుని సీటు కింద చెయ్యి పెట్టాను. ఇనప కడ్డీ చల్లగా తగిలింది. దాన్ని ఆఖరున పట్టుకున్నది అక్క చెయ్యి. పైకి లాగాను. సీటు కదల్లేదు. ఇన్నాళ్ళూ ఉన్నచోటే ఉండి బిగుసుకుపోయింది. రెండోసారి కిర్రుమని ఒక గాటు ముందుకు జరిగింది. ఆయన "ఒకటి" అన్నాడు. తర్వాత తేలిగ్గానే వచ్చింది. ఆయన ఏడు అన్నాక ఆపాను. ఆ ఖాళీ ఇప్పుడు నా అంత ఉంది.

కారు మీద గీతలూ సొట్టలూ గుర్తు పెట్టుకునే కాగితం ఒకటుంటుంది వాళ్ళకి. అందులో వెనక తలుపు గీత కింద ఇలా రాశాడు: డ్రైవరు సీటు ఏడు గాట్లు ముందుకు. దించాక ఏడు వెనక్కి. కింద సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. ర్యాంపు మీద కారు ఒక్క ఊపులో ఎక్కేసింది. వీధి మలుపు తిరిగేదాకా దాని వెనక అద్దం ఎండకి మెరుస్తూనే ఉంది.

తొమ్మిదో రోజు కొత్త ఊళ్ళో, సరుకు దించే షెడ్డుకి రమ్మని కబురొచ్చింది. మేం వెళ్ళేసరికి కారు దించి, దుమ్ము తుడిచి పెట్టారు. అక్కడి మనిషి మాకు బొత్తిగా తెలియనివాడు, ఆ కంపెనీకి ఈ ఊళ్ళో పని చేసిపెట్టేవాడు. కాగితం చేత్తో పట్టుకుని ఒక్కో వరుసా చదివి, చూపించి, టిక్కు పెడుతున్నాడు. వెనక తలుపు గీత పాతదే. అద్దాలు బాగున్నాయి. తర్వాతి వరుస దగ్గర డ్రైవరు తలుపు తెరిచాడు.

సీటు వెనక్కి ఉంది. మ్యాట్ మీది చిల్లు మీద ఎండ పడుతోంది. స్టీరింగు ముందు అక్కంత ఖాళీ.

"ఏడు వెనక్కి రాశారు కదా, పెట్టేశానమ్మా. పొడుగు మనుషులెవరో నడుపుతారనుకుంటా." మా ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. మా ఆయనా పొట్టే.

"మా అక్క," అన్నాను.

"వచ్చారా ఆవిడ? ఒకసారి కూర్చుని చూసుకోమనండి. సరిపోకపోతే ఇప్పుడే సరిచేస్తాను."

మా ఆయన గొంతు సవరించుకున్నారు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపాను.

"సరిగ్గానే ఉంది," అని సంతకం పెట్టాను.

ఆ మనిషి తాళాలు నా చేతిలో పెట్టి వేరే కారు దగ్గరికి పోయాడు. నేను కారు చుట్టూ తిరిగి వచ్చి, తలుపు తీసి, పక్క సీట్లో కూర్చున్నాను. చేతిసంచి ఒళ్ళో పెట్టుకున్నాను. అక్క పక్కన తొమ్మిదేళ్ళు అలాగే కూర్చున్నాను. మా ఆయన వెనక తలుపు పట్టుకుని కాసేపు ఎదురుచూసి, కిటికీలోంచి తల వంచారు.

"మరి మనల్నెవరు తీసుకెళ్తారే ఇంటికి?"

"నేనే. ఒక్క నిమిషం ఆగండి," అన్నాను.