పైపులో దొరికిన గరిటె

గల్ఫ్‌లో మేముండే వాడి కబీర్ పేటలో, మా బిల్డింగు ముందు, సరిగ్గా స్కూలు బస్సు ఆగేచోట, మూడు వారాలుగా మురుగునీళ్లు నిలిచిపోయాయి. మురుగునీళ్ల కంపెనీ యాప్‌లో ఐదుసార్లు కంప్లైంట్ పెట్టాను. ఐదుసార్లూ కంపెనీ ట్యాంకరు వచ్చి నీళ్లు తోడేసింది. డ్రైవరు ఖాళీ రోడ్డుకి ఫోటో తీసి పంపగానే నా ఫోన్‌కి ‘పని పూర్తయింది’ అని మెసేజ్ వచ్చేది. సాయంత్రానికి నీళ్లు మళ్లీ మామూలే. నాకు ఒళ్లు మండిపోయేది. నేను నర్సుని. లోపల చీము వదిలేసి పైన కట్టు మార్చి ఫోటో తీస్తే నన్ను డ్యూటీలో ఉంచుతారా?

పోయిన ఆదివారం (ఇక్కడ ఆదివారమూ స్కూలుంటుంది) మా అమ్మాయి ఫేబా బస్సెక్కబోతూ ఆ నీళ్లలో జారిపడింది. మోకాలు దోక్కుపోయింది. రెండు రోజులకి కాలు వాచి, జ్వరమొచ్చి, హాస్పిటల్లో చేర్చాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల చేతికి సెలైన్ సూది నేనే పెట్టాను.

"ఈ నీళ్లు ఎవరు చేశారమ్మా?" అంది ఏడుస్తూ.

"కనుక్కుంటాను. ఊరుకోను."

"దొరికితే నా మోకాలికి సారీ చెప్పమను."

రేపు దాన్ని ఇంటికి పంపుతామన్నారు. ఆ మురుగులోంచే మళ్లీ దాన్ని ఎత్తుకురావాలా? ఆరో కంప్లైంట్ పెట్టి, సెలవు పెట్టి, ట్యాంకరు రాగానే వెళ్లి దానికి అడ్డంగా నిలబడ్డాను.

"పైపు లోపల చూసేదాకా బండి కదలనివ్వను," అన్నాను.

డ్రైవరు తబ్రేజ్‌ది రాయచోటి. "కంప్లైంట్‌లో నీళ్లని రాసినారు మేడం. నీళ్లు తీసేసినాం. మాకు చెప్పిన పని అంతే."

"మీ పిల్లే హాస్పిటల్లో ఉంటే ఇలాగే మాట్లాడతారా?"

అతను బండి వెనక్కి వెళ్లి పొడవాటి ఊచ తెచ్చాడు.

బిల్డింగు వెనక కుళాయి దగ్గర మురుగు గుంట మూత తెరిచి చూశాడు. "దీని జాలీ యాడ? ఎవురో పీకేసినారే!"

క్రిస్మస్‌కి మా ఇంట్లో ముప్పైమందికి భోజనాలు పెట్టాం. ఇక్కడే డేక్సాలు కడుగుతుంటే నీళ్లు తొందరగా పోవడంలేదని చెత్త ఆపే ఆ జాలీ పీకింది నేనే. కడగడం అయ్యాక పెడదాంలే అనుకుని మర్చిపోయాను. ఆ మాట అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఊచ ముందు రోడ్డు వైపు పోయే పైపులోకి దిగి దేనికో తగిలింది. తబ్రేజ్ మెలితిప్పి లాగాడు. గడ్డకట్టిన కొవ్వు, బిర్యానీ ఆకులు, మటన్ ఎముకలు వచ్చాయి. వాటి వెనకే స్టీలు గరిటె ఒకటి వచ్చింది. పైపులో అడ్డంగా ఇరుక్కుని, వచ్చిన చెత్తనంతా పట్టుకుని కూర్చుందది.

నా పెళ్లికి మా అమ్మ నా పేరు కొట్టించి ఇచ్చిన పులుసు గరిటె. క్రిస్మస్ నుంచీ ఇల్లంతా వెతికాను. పైఫ్లాటు సెలీనాయే తీసిందని అనుమానపడి ఆమెతో మాటలు కూడా మానేశాను.

తబ్రేజ్ బొటనవేలితో జిడ్డు తుడిచి అక్షరాలు కూడబలుక్కున్నాడు. "లీ... లా... కుమారి." ఫోన్ తీసి, కంప్లైంట్ మీదున్న పేరు చూశాడు. నావైపు చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. మూడు వారాలుగా ఇతన్నే కదా నేను తిట్టిపోసింది!

"కారణానికి ఫోటో పెట్టాల మేడం," అని గరిటెని నేలమీద పెట్టాడు. పేరు కిందికి ఉండేలా బోర్లించి ఫోటో తీసుకున్నాడు. "నీళ్లు పోతాండాయి చూడండి."

పోతున్నాయి. గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నా ఫోన్ మోగింది. మా ఆయన స్యాం ఫోన్ నుంచి ఫేబా.

"అమ్మా, వాళ్లు దొరికారా?"

"దొరికారమ్మా."

"మరి సారీ?"

"రేపు పొద్దున్నే వచ్చి నీ మోకాలికి చెబుతారు," అన్నాను.