కూర్చునే చట్టం

బళేపేటలో భుజంగరావు చీరల అంగడిలో మునిలక్ష్మి పదమూడేండ్లుగా నిలబడే చీరలు చూపిస్తోంది. కస్టమర్లకు కుర్చీలు, పైన ఫ్యాను. కౌంటరు వెనక అమ్మేవాళ్లకు మాత్రం పొద్దున పదింటి నుంచి అంగడి మూసేదాకా కాళ్ల మీదే పని. కస్టమరు ముందు కూర్చోవడం మర్యాద కాదని భుజంగరావు నమ్మకం. మనిషి చెడ్డవాడు కాదు. జ్వరమొస్తే సెలవిస్తాడు, పండక్కి చీర పెడతాడు. స్టూలు మాత్రం పెట్టడు.

1998 శ్రావణంలో ఎమ్మెల్యే వెంకటగిరియప్ప కూతురి పెండ్లి చీరలకని కుటుంబంతో ఆ అంగడికి వచ్చాడు. ఆడవాళ్లు నాలుగు గంటలు చీరలు విప్పిస్తూనే ఉన్నారు. ఆయనకు చీరల్లో ఏమీ తోచక మునిలక్ష్మిని చూస్తూ కూర్చున్నాడు. ఆమె కాసేపు ఈ కాలి మీద, కాసేపు ఆ కాలి మీద బరువు మార్చుకుంటోంది.

"ఏంటికమ్మా కొంగ మాదిరి నిలబడతావు? కూర్చో."

"కూర్చునేదానికి లేదు సార్. అంగడి రూలు. అసెంబ్లీలో మీరు ఇంకో రూలు చేస్తే కూర్చుంటాము."

పక్క కౌంటరులో ఉన్న సమీనా ఆమె నడుం మీద గిల్లింది. వెంకటగిరియప్ప నవ్వలేదు. నాలుగేండ్లుగా సభలో ఉండి ఒక్కసారీ నోరు తెరవని మనిషి ఆయన. ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది.

రెండు నెలలకు ఆయనే మళ్లీ అంగడికొచ్చాడు, చేతిలో మూడు పేజీల కాగితంతో. అంగళ్లలో పనిచేసేవాళ్లకు కూర్చునే వసతి ఉండాలని బిల్లు రాయించాడట. మంత్రి కాకపోయినా ఏ సభ్యుడైనా సొంతంగా బిల్లు పెట్టొచ్చట. సభ చూడడానికి మునిలక్ష్మికీ, సమీనాకూ పాసులు కూడా ఇచ్చిపోయాడు. సెలవు అడగడానికి పోయి మునిలక్ష్మి నిజమే చెప్పింది: మీ మీద చట్టం చేయించేదానికి పోతా ఉండామని. భుజంగరావు పకపకా నవ్వి సెలవిచ్చాడు.

అసెంబ్లీ భవనం విధానసౌధ మెట్లెక్కుతుంటేనే ఇద్దరికీ నవ్వు మొదలైంది. ఎందుకో వాళ్లకే తెలీదు. ప్రేక్షకుల గ్యాలరీలో మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టకూడదు అని చెప్పేసరికి అది ఇంకా ఎక్కువైంది. కింద వెంకటగిరియప్ప లేచి నిలబడ్డాడు. కాగితం విప్పాడు.

"అధ్యక్షా, నేను ఈ సభలో నాలుగేండ్లుగా ఊరికే కూర్చోనుండాను. కూర్చునేదాని సుఖం నాకు తెలిసినంతగా ఇక్కడ ఎవరికీ తెలీదు."

సభంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుతో ఆయనకు ధైర్యం వచ్చింది. పది నిమిషాలు కాళ్ల వాపు గురించి, నడుం నొప్పి గురించి, గర్భిణీల గురించి దడదడా చెప్పేశాడు. కార్మిక మంత్రి ఏదో జవాబిచ్చాడు. దానికి వెంకటగిరియప్ప దండం పెట్టి, నా బిల్లు వెనక్కి తీసుకుంటున్నాను అన్నాడు.

ఇంత దూరం తెచ్చి వదిలేశాడే అని మునిలక్ష్మి మెట్ల దగ్గర ముఖం తిప్పుకుని నిలబడింది. ఆయన మాత్రం పెండ్లివారి మాదిరి వచ్చాడు.

"గెలిచినాం లక్ష్మమ్మా! సొంత బిల్లు ఎప్పుడూ నెగ్గదు. సర్కారే బిల్లు తెస్తాదని మంత్రి సభలో మాటిచ్చినాడు. అది నెగ్గుతాది."

మంత్రి మాట నిలబెట్టుకున్నాడు. న్యాయశాఖ వాళ్లు కొత్తగా రాశారు, మంత్రివర్గం ఒప్పుకుంది, అచ్చేసి సభ్యులందరికీ పంచారు. ఐదు నెలలకు చర్చ రోజు వచ్చింది. మునిలక్ష్మి, సమీనా మళ్లీ గ్యాలరీలో.

ఈసారి బిల్లును ఒక్కో నిబంధనగా తీసుకున్నారు. మూడో నిబంధనలో 'ఆసనం' అన్న మాట దగ్గర బండి ఆగింది. ఆసనమంటే సింహాసనమా, యోగాసనమా అని ఒక పెద్దాయన అడిగాడు. స్టూలని రాయండి అన్నారొకరు. అంగడి ఇరుకైతే బెంచీ ఎక్కడ పడుతుందన్నారు ఇంకొకరు. నలభై నిమిషాలు రాష్ట్రం పెద్దలంతా కలిసి మనిషి దేని మీద కూర్చోవాలని వాదించారు. సమీనా కొంగు నోట్లో కుక్కుకుంది. చివరికి 'కూర్చోవడానికి తగిన వసతి' అని సవరించారు.

పొద్దుటి నుంచి గోడ దగ్గర నిలబడి ఉన్న కాపలా ఆవిడ వాళ్ల దగ్గరకు వంగింది. నవ్వుతున్నందుకు గద్దిస్తుందేమో అనుకున్నారు.

"అక్కా, ఇది మాకూ వర్తిస్తాదా?" అని గుసగుసగా అడిగింది.

అంగళ్లకే అనుకుంటానని మునిలక్ష్మి ఒప్పుకుని, తను లేచి పక్కకు జరిగింది, నువ్వు రెండు నిమిషాలు కూర్చోమంది. ఆవిడ అటూ ఇటూ చూసి కూర్చుంది. సరిగ్గా అప్పుడే కింద అధ్యక్షుడు ఒప్పుకునేవాళ్లు అవునని చెప్పమన్నాడు. అవునన్న కేక గ్యాలరీ దాకా వచ్చింది. కాదని చెప్పమన్నప్పుడు ఎవరో దగ్గారు, అంతే. బిల్లు నెగ్గింది. చప్పట్లు కొట్టకూడదు కాబట్టి ముగ్గురు ఆడవాళ్లు చేతులు పట్టుకుని గట్టిగా ఊపేసుకున్నారు.

ఇంకా అయిపోలేదని వెంకటగిరియప్ప చెప్పాడు. పై సభయిన విధాన పరిషత్తు కూడా ఒప్పుకోవాలి, ఆ తర్వాత గవర్నరు సంతకం పెట్టాలి. పరిషత్తులో మధ్యాహ్న భోజనం తర్వాత పావుగంటలో అయిపోయింది. గవర్నరు దగ్గర పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ చీర మడత పెట్టిన ప్రతిసారీ మునిలక్ష్మి, ఇప్పుడు పెట్టుంటాడా సంతకం అని సమీనాను అడిగింది.

గెజిట్‌లో అచ్చయిన రోజు వెంకటగిరియప్ప ఒక ప్రతి పంపించాడు. భుజంగరావు కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. లేచి బయటికి పోయి, గంటకు ఆటోలో ఆరు స్టూళ్లు వేసుకొచ్చాడు. మునిలక్ష్మితో పాటు అమ్మేవాళ్లంతా కూర్చున్నారు. కూర్చోగానే ఒక పెండ్లి గుంపు లోపలికొచ్చింది. ఏండ్ల తరబడి అలవాటు కదా, ఆరుగురూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

"కూర్చోండమ్మా, కూర్చోండి" అన్నాడు భుజంగరావు కంగారుగా. "నన్ను జైలుకు పంపేట్టుండారే!"

జైలు మాట ఆ చట్టంలో ఎక్కడా లేదు. మునిలక్ష్మి ఆయనకు ఆ సంగతి చెప్పకుండా, నవ్వు ఆపుకుంటూ కూర్చుని మొదటి చీర విప్పింది.