గంజికి ఆపరేషన్

రావమ్మ ఒక మాట పట్టిందంటే అది ఉడుంపట్టే. రేపల్లె మగ్గాల బజారులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. డెబ్బై ఏళ్లు దగ్గరపడుతున్నా రాట్నం ముందు కూర్చుంటే పొద్దు వాలేదాకా నూలు కండెలు చుడుతూనే ఉంటుంది. రాట్నంతో పాటు నోరూ తిరుగుతూనే ఉంటుంది. అలాంటి మనిషి ఆ ఏడు, అంటే తొంభై ఒకటిలో, పెంపుడు పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తానని బయలుదేరేసరికి బజారంతా ముక్కున వేలేసుకుంది.

పిల్లి పేరు గంజి. నూలుకు పట్టించే గంజి నాకి పెరిగింది కనుక ఆ పేరు. గంజి పట్టించిన పడుగంటే ఎలుకలకు పండగ, అందుకని నేతగాళ్ల ఇంట్లో పిల్లి ఉండి తీరాలి. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఏడాదికి మూడుసార్లు పిల్లలు పెట్టేది, పెట్టిన ప్రతిసారీ మగ్గం గుంటలోనే పెట్టేది. నేసేవాడు కాళ్లు దించి చెక్కలు తొక్కే ఆ గుంట వెచ్చగా, చీకటిగా ఉంటుంది. గండుపిల్లి కంట పడదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు గాని, ఈ మహాతల్లి మాత్రం ఏడిళ్లకు బదులు ఆ ఒక్క గుంటనే నమ్ముకుంది.

శ్రావణంలో ఒక పొద్దున రావమ్మ కొడుకు వెంకటప్పయ్య పెళ్లివారి చీర ముగించాలని మగ్గమెక్కాడు. తెల్లవారేలోగా గంజి నాలుగు పిల్లల్ని పెట్టిన సంగతి అతనికి తెలియదు. కాలు దించి చెక్క తొక్కాడు. కింద కీచుమంది. నాలుగింటిలో ఒకటి పోయింది. వెంకటప్పయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు, మగ్గం జోలికి పోలేదు. మూడోనాడు తల్లి ముందు కూర్చున్నాడు.

"నా కాలి కింద పోయిందమ్మా. అరికాలికి అదింకా తగుల్తానే ఉంది. ఇంక ఈ పిల్లి ఇంట్లో ఉండటానికి వీల్లేదు. ఉన్న మూడూ పాలు మానగానే దీన్ని సంచిలో వేసుకెళ్లి, పెనుమూడి రేవులో పడవెక్కి అవతలొడ్డున వదిలేసొస్తాను. ఏరు దాటించిన పిల్లి తిరిగి రాదు."

"ఎలుకలొస్తే?"

"మగపిల్లిని తెచ్చుకుందాం."

కొడుకు మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు రావమ్మకు. వాడి బాధ నిజం. కానీ భర్త పోయిన ఏడు వానలో తడుస్తూ వచ్చి తన పక్కలో పడుకున్న పిల్లి అది. దాని గురగుర వినకపోతే ఆమెకు నిద్ర పట్టదు. ఆ రోజంతా కండెలు చుట్టి, సాయంత్రం దీపం పెట్టే వేళకు ఒక తీర్మానానికి వచ్చింది.

"ఆడవాళ్లకి చేస్తన్నారుగా ఆపరేషన్లు? పిల్లికెందుకు చెయ్యకూడదు?"

పొయ్యి దగ్గరున్న కోడలు జయలక్ష్మి ఒకసారి తిరిగి చూసి, మళ్లీ పని చూసుకుంది. జయలక్ష్మికి ఆ ఆపరేషనై ఆరేళ్లయింది. ఇద్దరు ఆడపిల్లలు చాలనుకున్నారు ఆలుమగలు. చాలరనుకున్నది రావమ్మ ఒక్కతే.

వార్త తెలిసి పక్కింటి పుల్లమ్మ పరుగెత్తుకొచ్చింది. "పిల్లిని చంపితేనే బంగారప్పిల్లిని చేయించి దానమివ్వాలంటారు. మూగజీవం కడుపు కోయిస్తావా వదినా? పాపం కాదూ?"

"కళ్లు తెరవని కూనని చెక్క కింద తొక్కటం పుణ్యమా? నువ్వు పోయి నీ పొయ్యి చూసుకో."

ఊళ్లో పశువుల ఆసుపత్రికి వెళితే అక్కడి కుర్ర డాక్టరు నవ్వాడు, నవ్వినందుకు నొచ్చుకున్నాడు కూడా. "మా దగ్గరికి గేదెలూ ఎద్దులూ వస్తాయి మామ్మగారూ. పిల్లిని కోసే సామాను లేదిక్కడ. తెనాల్లో దేవదానంగారని రిటైరైన డాక్టరున్నారు. ఇంటి దగ్గర కుక్కల్ని చూస్తారు, వాటికి ఈ ఆపరేషన్ చేస్తారని విన్నాను. ఆయన్ని అడగండి."

నెలన్నర గడిచింది. పిల్లలు పాలు మానాయి. ఒకటి బాపట్లలో జయలక్ష్మి పుట్టింటికి పోయింది, రెండు బజారులోనే సర్దుకున్నాయి. వెంకటప్పయ్య ఆదివారం రేవుకు పోతానన్నాడు. రావమ్మ శుక్రవారమే గంజిని నూలు బుట్టలో పెట్టి, పైన చీరముక్క బిగించి కట్టి, తెనాలి పాసింజరెక్కింది. పిల్లి ఎదురొస్తేనే ప్రయాణం మానుకునే జనం. బుట్టలోంచి మ్యావుమనగానే ఎదుటి బల్లమీద పెద్దమనిషి లేచి వేరే పెట్టెలోకి పోయాడు. రావమ్మ ఆ బల్లమీద హాయిగా కాళ్లు చాపుకుంది.

దేవదానంగారి ఇల్లు చర్చి వీధిలో. ఆయన పిల్లిని అటూ ఇటూ తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. "కుక్కలకి చాలా చేశానమ్మా. పిల్లులకి చేసింది రెండే. మత్తు ఒక పిసరెక్కువైతే ఇది లేవదు. నేను పూచీ ఉండలేను."

"లేవకపోతే ఏడుస్తానండి. చేయకపోతే ఎల్లుండి నా కొడుకు దీన్ని ఏటవతల వదిలేస్తాడు. అక్కడ ఏ కుక్క నోట పడుద్దో నాకు తెలియను కూడా తెలియదు. నా కళ్లముందు పోతే నేనే పాతిపెట్టుకుంటాను. మీరు చెయ్యండి."

"పొద్దున ఏమైనా తిందా?"

"రాత్రి నుంచి మెతుకు పెట్టలేదండి. మా కోడలికి చేసినప్పుడు చూశాను, కడుపు ఖాళీగా ఉండాలన్నారు."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. తరువాత భార్యను పిలిచాడు. "అన్నమ్మా, నీళ్లు మరగబెట్టు."

గంటసేపు రావమ్మ అరుగు మీద కూర్చుంది. ఆమె జీవితంలో మాట్లాడకుండా గడిపిన గంటలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు, అందులో ఇదొకటి. తలుపు తెరిచేసరికి గంజి నాలుక బయటపెట్టి, పొట్ట మీద బొచ్చు గీయించుకుని, నాలుగు కుట్లతో గుడ్డలో పడుంది. ఊపిరి ఆడుతోంది. రావమ్మకు కళ్లనీళ్లు వచ్చాయి, దాచుకోలేదు.

"నా పని అయిపోయింది, అసలు పని మీది," అన్నాడు దేవదానంగారు. "పది రోజులు ఇది ఎగరకూడదు, దూకకూడదు. పొట్ట మీద బరువు పడిందా, కుట్టు తెగుద్ది. చీము పడితే ఇక చెప్పలేం. కంటికి రెప్పలా కాచుకోవాలి."

"కాచుకుంటానండి. ఎవరడ్డమొచ్చినా సరే."

ఇంటికి తెచ్చాక కొడుకు ఆ కుట్లు చూశాడు. బతికితే ఉండనిమ్మన్నాడు. ఇక చూడాలి రావమ్మ కాపలా! రాట్నం వదిలేసింది. పిల్లిని ఒళ్లో పెట్టుకుని గోడకు చేరగిలబడితే, భోజనమూ అక్కడే. అది తల ఎత్తితే చాలు, అరచేత్తో నొక్కేది. కండెలు చుట్టే పని, వంట, నీళ్లు అన్నీ జయలక్ష్మి మీద పడ్డాయి.

మూడో రోజు పొద్దున జయలక్ష్మి వీధి కుళాయి నుంచి బిందె చంకన పెట్టుకుని వస్తోంది. గంజి ఒక్క ఉదుటున ఒళ్లోంచి కిటికీకేసి దూకబోయింది. రావమ్మ కేక పెట్టి దాన్ని పట్టేసుకుంది.

"ఎక్కడికే, చచ్చినదానా! మూడు రోజులన్నా కాలేదు! పచ్చి కుట్లు! తెగితే ఎవరు చూస్తారే?"

గుమ్మంలో జయలక్ష్మి ఆగిపోయింది. బిందె కింద పెట్టింది.

"నాకూ మూడోరోజే అత్తయ్యా."

"ఏంటే?"

"మీరు నాతో బిందె ఎత్తించింది. మూడోరోజే. కుట్టు తెగి నెల్లాళ్లు చీము కారింది. మీకు గుర్తుండి ఉండదులెండి."

గొంతులో కోపం లేదు. ఉంటే రావమ్మ దీటుగా జవాబు చెప్పేది, అందులో ఆమెను మించినవాళ్లు లేరు. గుర్తుండకేం? అంతా గుర్తుంది. మనవడు లేకుండా చేసుకుందన్న కసితో, లేచి నీళ్లు తెమ్మన్నది తనే. కోడలు రెండు చేతులతో పొట్ట పట్టుకుని నడిస్తే నటనలన్నదీ తనే. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తన్నెవరూ చూడటం లేదనుకుంటుందట. రావమ్మ ఆరేళ్లుగా చేసింది అదే.

"ఇప్పటికీ నొప్పుందా?" అని అడిగింది రావమ్మ.

ఆ ఇంట్లో ఆ ప్రశ్న జయలక్ష్మిని ఎవరూ అడిగి ఉండలేదు.

"బిందె ఎత్తితే లాగుద్ది. రాత్రిళ్లు ఒకవైపే పడుకుంటాను."

"ఇలా వచ్చి కూర్చో. దీన్ని పట్టుకో, గట్టిగా నొక్కబాక."

కోడలి ఒళ్లో పిల్లిని పెట్టి, రావమ్మ కొంగు బిగించి రెండో బిందె తీసుకుంది. కుళాయి దగ్గర పుల్లమ్మ నోరు తెరవబోయి, ఆమె ముఖం చూసి మూసుకుంది. ఆ రోజు నుంచి నీళ్లు రావమ్మే తెచ్చింది, సగం బిందె చొప్పున ఎక్కువసార్లు తిరిగి. వెంకటప్పయ్య అడ్డం పడితే, నువ్వు కండెలు చుట్టుకోరా అంది.

పదో రోజున అత్తాకోడళ్లు ఇద్దరూ తెనాలి వెళ్లారు. బుట్ట రావమ్మే మోసింది. దేవదానంగారు కుట్లు విప్పి, గాయం వేలితో తడిమి, చక్కగా మానిందన్నాడు. చీమంతైనా చీము లేదు. ఇంత శ్రద్ధగా చూసుకున్నవాళ్లను తన సర్వీసులో చూడలేదని మెచ్చుకున్నాడు.

రావమ్మకు ఆ మెప్పు మింగుడుపడలేదు. లేచి నిలబడింది.

"డాక్టరుగారూ, ఈ ఊళ్లో ఆడవాళ్లని చూసే మంచి డాక్టరెవరండి? మా కోడలి కుట్టు చూపించాలి."

"ఎప్పుడు చేయించుకుందమ్మా?"

"ఆరేళ్లయిందండి."

"ఆరేళ్లా! ఇన్నాళ్లూ చూపించకుండా ఏం చేశారు?"

జయలక్ష్మి ఏదో సర్దిచెప్పబోయింది. రావమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఆగవే. తప్పు నాదండి. నేనే చూడలేదు. చిరునామా రాసివ్వండి, ఇప్పుడే తీసుకెళ్తాను."