ముందు వరుస

వెర్డెల్ కళ్లముందే రోస్కో జవాబు పత్రాన్ని లెక్కల ప్రొఫెసర్ పర్రున చింపాడు.

"ఇది నువ్వు రాసింది కాదు. ఆ అమ్మాయి వెర్డెల్ రాసిందీ అచ్చం ఇదే. కాపీ కొట్టావు. బయటికి నడువ్!"

రోస్కో ఆ చివర, వెర్డెల్ ఈ చివర. మధ్యలో గదినిండా తెల్లపిల్లలు. అంత దూరం నుంచి కాపీ ఎలా కొడతాడని ఒక్కరూ అడగలేదు. హాస్టల్లో బట్టలుతికే గదిలో ఇద్దరూ కలిసి చదివారు, అందుకే జవాబు ఒకేలా వచ్చింది. ఆ మాట చెప్పాల్సింది వెర్డెల్. ఆమెకు నోరు పెగల్లేదు.

ఆ ఒహాయో కాలేజీలో నల్లపిల్లలకు సీనియర్లు మొదటిరోజే చెప్పే సూత్రం ఒకటుంది. క్లాసులో పక్కపక్కన కూర్చోవద్దు. ఇద్దరు చేరితే కుట్రంటారు, నలుగురు చేరితే పోలీసుల్ని పిలుస్తారు. అందుకని మూలకొకరు. అలా మూలకొకరుగానే ఏటా సగంమంది తప్పి, ఇంటిదారి పట్టేవారు. మనల్ని విడదీసే శ్రమ కూడా దొరలకు లేకుండా మనమే చేసిపెట్టామన్నమాట!

సాయంత్రం బట్టలుతికే గది నల్లపిల్లలతో కిక్కిరిసింది.

"కాలేజీలో పేరు కొట్టేస్తే మిలిటరీ పిలుపొస్తుంది. వియత్నాం పంపిస్తారు." అన్నాడు రోస్కో. "మా అన్న పెట్టెలో తిరిగొచ్చాడు."

"డీన్ కాళ్లావేళ్లా పడదాం," అన్నాడు వైలీ అనే కుర్రాడు.

"పడితే లేవనెత్తి ముద్దు పెట్టుకుంటాడా?" సీనియర్ ఓజెల్లా కసిరింది. "మూలల్లో దాక్కోమని మీకు చెప్పింది నేనే. బుద్ధి గడ్డి తిని చెప్పాను. రేపు లెక్కల క్లాసులో అందరం ముందు వరుసలోనే కూర్చుందాం. రోస్కోకి మళ్లీ పరీక్ష పెట్టమందాం. కలిసి చదువుకోడానికి గది అడుగుదాం. వాడు చింపేసిన ఈ లెక్క మాత్రం అందరూ నేర్చుకోండి, ఎవర్నడిగినా చెప్పాలి."

"నాకు భయమేస్తోందక్కా," అంది వెర్డెల్. "నన్నూ వెళ్లగొడితే అమ్మకి మొహం ఎలా చూపించను?"

"నాకూ భయమేనే పిచ్చిదానా! భయం లేనివాళ్లెవరైనా ఉంటే చెప్పండి."

అందరూ కాగితాలు తీసి లెక్క మొదలుపెట్టారు.

మర్నాడు వాళ్లంతా ముందు వరుసలో భుజాలు ఆనించుకుని కూర్చున్నారు. వాళ్లను చూడగానే ప్రొఫెసర్ మొహం మాడిపోయింది.

"రోస్కోకి మళ్లీ పరీక్ష పెట్టండి సార్," అంది ఓజెల్లా.

అతను నేరుగా బయటికెళ్లి పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చాడు.

రోస్కో లేచి బోర్డు మీద ఆ లెక్క మొదలుపెట్టాడు. రెండో మెట్టు పూర్తికాకముందే మోచేతిమీద లాఠీ పడింది. ఈడ్చుకుపోయారు. కిందపడ్డ సుద్దముక్కను ఓజెల్లా తీసింది. తర్వాతి మెట్టు రాసింది. ఆమెనూ ఈడ్చుకుపోయారు.

సుద్దముక్క దొర్లుకుంటూ వెర్డెల్ కాళ్ల దగ్గర ఆగింది. ఆమె పారిపోదామని తలుపువైపు చూసింది. అయినా వంగి సుద్ద తీసుకుంది.

"మేం కలిసి చదివాం సార్," అంది. ఆ గొంతు ఆమెకే వినపడలేదు. ఈసారి అరిచింది. "కలిసే చదివాం! కలిసే చదువుతాం!"

బోర్డు మీద మరో మెట్టు రాసింది. జవాబు ఇంకా రాలేదు. పోలీసు రెక్కపట్టి లాగాడు. సుద్ద ఎవరికివ్వాలా అని ఆమె వెనక్కి తిరిగింది.

ముందు వరుస మొత్తం లేచి నిలబడి, దానికోసం చేతులు చాచింది.