మూడో భాగం ఎప్పుడు ఆడింది

ఫుసాయె చేతులు ఎంత కడిగినా తవుడు వాసన పోదు. క్యోటోలో ముప్పై ఏళ్ళుగా తవుట్లో ముల్లంగి ఊరేసి అమ్ముకునే మనిషి. ఆ పొద్దున కొట్టు మూసేసి, గుడ్డలో చుట్టిన లావుపాటి పుస్తకాన్ని చంకన పెట్టుకుని కాలేజీలో కన్‌జాకి మాస్టారి గదికి బయల్దేరింది. దారి పొడవునా పళ్ళు నూరుతూనే ఉంది.

అది మాటల్లేని సినిమాల పట్టిక. కూర్చింది కన్‌జాకి మాస్టారే. అందులో "తుమ్మెద కత్తి" అని అయిదు భాగాల సినిమా ఉంది. నాయిక మిజువొ కునికొ, ఫుసాయె తల్లి. మూడో భాగం తైషో చక్రవర్తి ఏలుబడి పదమూడో ఏడు మార్చిలో విడుదలైందని రాసి, కింద ఓ ముక్క తగిలించాడాయన: నాయిక ముందటేడు సెప్టెంబరు టోక్యో భూకంపంలో పోయింది గనక ఇందులో వేసింది పేరు తెలియని మరెవరో.

ఆ మూడో భాగంలోనే తల్లి వంతెన మీంచి ఏట్లోకి దూకి భుజం ఎముక విరగ్గొట్టుకుంది. తొమ్మిదేళ్ళ ఫుసాయె నెల్లాళ్ళు ఆమెకి అన్నం తినిపించింది. భూకంపం నాటి మంటల్లో ఇల్లూ, ఫొటోలూ, మనిషీ బూడిదయ్యాయి. సినిమా రీళ్ళూ దక్కలేదు. మిగిలింది ఇలాంటి పుస్తకాల్లో పేరొక్కటే.

"మాస్టారూ, మూడో భాగం పదమూడో ఏట మార్చిలో వచ్చిందన్నారు. నాలుగోది పన్నెండో ఏట జులైలో వచ్చిందనీ మీరే రాశారు. మీ ఇంట్లో పిల్లలు తల్లికంటే ముందు పుడతారా?"

కన్‌జాకి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఒక్కోసారి వరస తప్పి విడుదల చేసేవాళ్ళమ్మా. కింద వివరణ ఇచ్చాను."

"చూశాను. ఒక తప్పు కింద ఇంకో తప్పుని పీటలా వేశారు."

"ఊహించి రాయలేదమ్మా, పోలీసు ముద్ర చూసి రాశాను." ఆయన బీరువాలోంచి నలిగిన పుస్తకం తీశాడు. మూడో భాగం ఆడేటప్పుడు తెర పక్కన నిలబడి కథ చెప్పేవాడు చూసుకునే పుస్తకం. అట్ట మీద ఎర్ర ముద్ర: తొయామా పోలీసులు, తైషో పదమూడు, మార్చి.

"తొయామానా?" ఫుసాయె గొంతు పెరిగింది. "టోక్యోలో ఆడిన బొమ్మ ఆ మంచు కొండల అవతలికి చేరాలంటే ఏడాది పట్టేది. ఏ ఊళ్ళో ఆడాలన్నా ఆ ఊరి పోలీసులు ముద్ర వేస్తేగానీ ఆడనిచ్చేవాళ్ళు కాదు. ఆఖరి ఊరి ముద్ర పట్టుకుని పుట్టినరోజు రాస్తారా?"

"మొదటి ముద్ర దొరికితే అదే రాసేవాణ్ణి. ఇందులో లేదు."

ఫుసాయె పుస్తకం లాక్కుంది. అట్ట వేళ్ళకి మందంగా తగిలింది. జాడీల మీద పాత చీటీ పైనే కొత్త చీటీ అంటించే చేతులవి. "అట్ట నలిగితే పైన ఇంకో కాయితం అంటించారు. ఇది కూడా చూసుకోలేదా?"

అట్ట తెరిచి కిటికీ వెలుగుకి పట్టింది. "మెల్లగా, చిరుగుతుంది" అంటూ మాస్టారు లేచాడు. పల్చటి కాయితాల మధ్య నుంచి ఇంకో ముద్ర మసగ్గా తేలింది. టోక్యో. తైషో పన్నెండు, మే.

ఆయన చాలాసేపు చూశాడు. "నిజమే. మళ్ళీ అచ్చేసినప్పుడు తేదీ మారుస్తాను."

"పేరు?"

"పేరు సంగతి కమిటీలో పెట్టాలమ్మా. తేదీ మారినంత మాత్రాన ఆవిడే వేసిందని రుజువు కాదు కదా."

ఫుసాయె మొహం జేవురించింది. గొంతు మాత్రం దించింది. "మా అమ్మ పేరు కొట్టేసినప్పుడు ఏ కమిటీలో పెట్టారు? అప్పటికి చచ్చిపోయిందన్న ఒక్క మాటతో తీసేశారు. మేలో ఆవిడ బతికే ఉంది. భుజానికి కట్టుతో, నా చేతి ముద్ద తింటూ ఉంది. తియ్యడానికి అక్కర్లేని కమిటీ పెట్టడానికి ఎందుకు?"

ఫుసాయె నలిగిన పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది.

"మీ పట్టిక అమ్ముడుపోని కాపీలు ఎన్ని ఉన్నాయి?"

"పక్క గదిలో... నూట ఎనభై దాకా."

ఆమె గుడ్డ విప్పి, ఆ పేజీ తీసి, సిరాబుడ్డి ఆయన ముందుకి తోసింది. ఆయన కలం ముంచి తేదీ దిద్దాడు. కింది ముక్క కొట్టేశాడు. పక్కన సన్నగా రాశాడు: మిజువొ కునికొ.

ఫుసాయె ఆ అక్షరాల మీదికి వంగి ఊది ఆరబెట్టింది. "ఇది నేను కొనుక్కున్నది. ఇక ఆ నూట ఎనభై తెప్పించండి" అంటూ కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని కూచుంది.