చెడిపోయిందన్న మైకు

నేను ఒక మైకును. మాట నాది కాదు, పాట నాది కాదు. ఎవరు నోటి దగ్గర పెట్టుకుంటే వారిదే నాలోంచి బయటికి వెళ్తుంది. అందుకే ఇప్పుడు సొంత కథ చెప్పుకోవాలంటే నాకే కొంచెం సిగ్గుగా ఉంది. నా మీద ఒక తెల్ల పట్టీ అంటించి, దాని మీద ‘చెడిపోయింది’ అని రాశారు. దాన్ని చూసి కంగారు పడకండి. నాకు ఏ జబ్బూ లేదు.

పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల, ఒక కర్మాగారంలో. నా తలలో ఉల్లిపొర కన్నా పల్చటి పొర ఒకటి బిగించి, పైన ఇనుప జాలీ తొడిగారు. ఆ పొర వణికితేనే నాకు వినబడుతుంది. కరెంటు ఉన్నా లేకపోయినా వినబడుతూనే ఉంటుంది. విన్నది నలుగురికీ చెప్పడానికే తీగా, కరెంటూ కావాలి.

ఓడెక్కి విశాఖపట్నం చేరాక, సౌండు సిస్టములు అద్దెకిచ్చే అప్పలనాయుడు నన్ను కొన్నాడు. అద్దె బతుకులో రకరకాల నోళ్లు చూశాను. ఎంత పెద్దమనిషైనా ముందు నా నెత్తిన రెండు మొట్టికాయలు వేసి, ఉఫ్ మని ఊది, ‘హలో, హలో’ అనాల్సిందే. ‘రెండే రెండు మాటలు’ అని మొదలుపెట్టిన నాయకుల చేతుల్లో చెమటకు తడిసి ముద్దయ్యేదాన్ని. పెళ్లిళ్లలో అయితే తప్పిపోయిన మేనమామలను భోజనాలకు పిలవడమే నా పని. చెప్పడానికి ఏమీ లేనివాళ్లే నన్ను గట్టిగా పట్టుకుంటారని అక్కడే తెలిసింది.

ఒక క్రిస్మస్ కార్యక్రమానికి నాయుడు నన్ను చర్చికి తీసుకెళ్లాడు. అక్కడ నిస్సీ అనే అమ్మాయి నన్ను ఊదలేదు, కొట్టలేదు. కళ్లు మూసుకుని పాడింది, అంతే. నా లోపలి పొర అంత హాయిగా వణకడం అదే మొదలు. పాట పూర్తయ్యాక నన్ను వదల్లేక, “ఈ మైకు నాకిచ్చేయండి నాయుడుగారూ” అని అడిగింది.

“పట్టుకుపోమ్మా. నీ గొంతుకకి ఇదే సరిపోనాది” అన్నాడు నాయుడు.

అప్పటికే ఆమె, గిటారు వాయించే కామేషు కలిసి ‘ఉప్పుగాలి’ అనే రాక్ బ్యాండు పెట్టారు. నాయుడే వాళ్ల సౌండు చూసేవాడు. వ్యానెక్కి అనకాపల్లి నుంచి అనంతపురం దాకా ఇంజనీరింగు కాలేజీల ఉత్సవాలన్నీ తిరిగాం. నిస్సీ నన్ను ఒక పాత ఉన్ని సాక్సులో దోపి తన సంచిలోనే పెట్టుకునేది. ఎక్కడికెళ్లినా పిల్లలు అడిగేది ‘దీపస్తంభం’ అనే పాటే. చీకట్లో దారి తప్పిన పడవవాడు లైటుహౌసును బతిమాలే పాట. అందులో ‘ఇటు తిరుగు, ఒక్కసారి ఇటు తిరుగు’ అన్న చోట ఆమె గొంతు మెట్లెక్కినట్టు పైకి వెళ్లి, అక్కడే నిలబడేది. ఆ క్షణంలో నేను మైకునై పుట్టినందుకు గర్వపడేదాన్ని. ఇప్పుడు తలుచుకున్నా పొర ఝల్లుమంటుంది.

ఆ గొంతులో మొదటి బీట నాకే తెలిసింది. ఒక కాలేజీ గ్రౌండులో, ఎర్రటి దుమ్ములో, ఆ పంక్తి ఇంకో అరక్షణంలో ఉందనగా ఆమె ఊపిరి తడబడింది. వెంటనే నన్ను నోటి దగ్గర్నుంచి తీసి జనం వైపు తిప్పింది. మైదానమంతా ఎలుగెత్తి పాడింది. పిల్లలకు పట్టరాని సంబరం. ‘మాచేత పాడించింది, ఎంత మంచి మనసో!’ అని పొంగిపోయారు. ఆమె నవ్వింది. నన్ను పట్టుకున్న చెయ్యి మాత్రం చల్లబడిపోయింది.

ఆ తరువాత ప్రతి ఊళ్లోనూ అంతే. ఆ పంక్తి వచ్చేసరికి నన్ను జనం వైపు తిప్పేది. కామేషు గిటారు తీగలు కొంచెం వదులు చేసి పాట శ్రుతినే కిందికి దించాడు. ఇంకో ఉత్సవానికి మరికొంచెం. ఇక సలహాలంటారా, వాటికి లోటు లేదు. మిరియాల పాలన్నారు, కరక్కాయన్నారు, తేనెలో అల్లమన్నారు. ఆమె అన్నీ మింగింది. ఆ ఘాటంతా నా జాలీకి పట్టింది గానీ గొంతుకు ఏమీ పట్టలేదు.

చివరికి డాక్టరు దగ్గరికి వెళ్లింది. స్వరతంత్రుల మీద కాయలు కాశాయన్నాడాయన. నెల రోజులు నోరు విప్పొద్దు, అప్పటికీ తగ్గకపోతే కత్తి పెట్టాల్సిందే అన్నాడు. నిస్సీ బుద్ధిగా మాట్లాడటం మానేసి, గుసగుసలు మొదలుపెట్టింది. గట్టిగా అనకపోతే గొంతు దాచుకున్నట్టేనని పాపం ఆమె నమ్మకం. కూరలమ్మే ఆవిడతో గుసగుస, వాళ్లమ్మతో గుసగుస, ఫోనులో కామేషుతో గంటల తరబడి గుసగుస. ఆ గుసగుసలు గరుకుకాగితంలా నన్ను గీకేవి. ‘మానవే తల్లీ!’ అని అరవాలనిపించేది. సాక్సులో ఉన్న మైకు ఏమని అరుస్తుంది? గుసగుస మామూలు మాట కంటే చేటు అని డాక్టరు మళ్లీ చూసి కోప్పడేనాటికి గొంతు ఇంకా బిగుసుకుపోయింది. వెంటనే ఆపరేషన్ చేయించుకోమన్నాడు.

అప్పటికి ఉత్సవాల సీజను వచ్చేసింది. “ఒక్క సీజను లాగించేద్దాం నిస్సీ. అయిపోగానే ఆపరేషన్. నేనే దగ్గరుండి చూసుకుంటాను” అన్నాడు కామేషు. చెడ్డవాడు కాదు. అతనికీ వేరే బతుకు తెలియదు.

“పాడకుండా ఇంట్లో కూర్చుంటే నేనెవర్ని కామేష్?” అంది ఆమె, బొంగురుగా. అంతటితో నిర్ణయం అయిపోయింది.

కామేషు ఒక ఉపాయం పన్నాడు. వాళ్ల తొలి ఆల్బములోని నిస్సీ గొంతును విడదీసి ల్యాప్‌టాప్‌లో పెట్టాడు. స్టేజీ మీద ఆ పాత గొంతు వినబడుతుంది, ఆమె పెదాలు కదిపితే చాలు. నాయుడు తల వంచుకుని సౌండు పెట్టె మీద నా శబ్దాన్ని పెంచి తగ్గించే మీటను పూర్తిగా కిందికి దించేశాడు. అలా నేను ఆమె చేతిలో ఉండి కూడా లేనిదాన్నయ్యాను.

కానీ నిస్సీ పెదాలు కదిపి ఊరుకోలేదు. పాడింది. పైన స్పీకర్లలో పాత నిస్సీ గొంతు గంటలా మోగుతుంటే, కింద నా ముందు ఇప్పటి నిస్సీ చీలిన గొంతుతో ఆ స్వరం కోసం ఎగిరి ఎగిరి పడేది. వేల మంది పాత గొంతుకు చప్పట్లు కొట్టేవారు. అసలు గొంతును విన్నది నేనొక్కదాన్నే. విని ఎవరికీ చెప్పలేకపోయాను. అంత నిస్సహాయత పగవాళ్లకు కూడా వద్దు.

భీమవరం దగ్గర ఒక కాలేజీలో ‘దీపస్తంభం’ సగంలో ఉండగా ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. ఉన్నట్టుండి గొంతు ఆగిపోతే సౌండు మనిషి చెయ్యి దానంతటదే మీట మీదికి వెళ్తుంది. నాయుడి చెయ్యీ వెళ్లి దాన్ని పైకి తోసింది. నాకు ప్రాణం వచ్చింది. సరిగ్గా అప్పుడే ‘ఇటు తిరుగు’ వచ్చింది. ఆమె నన్ను జనం వైపు తిప్పలేదు. నోటికి ఆనించుకుని, ఉన్న గొంతంతా పోసి పాడింది. పై మెట్టు దగ్గర గొంతు చిరిగి, గాలి మాత్రం మిగిలింది. నేను ఒక్క పిసరు దాచుకోకుండా అంతా మోశాను. మోయక ఏం చేయగలను?

మైదానంలోంచి ఎవరో కుర్రాడు అరిచాడు. “మైకు పోయింది బ్రో! మార్చండి!”

“మైకు మార్చండి! మైకు మార్చండి!” అని అందరూ అందుకున్నారు.

కామేషు పరుగున వచ్చి, “సారీ ఫ్రెండ్స్, మైకు ప్రాబ్లం” అంటూ ఆమె చేతిలోంచి నన్ను లాక్కున్నాడు. ఇంకో మైకు ఇచ్చారు. ఈలోగా ల్యాప్‌టాప్ కూడా లేచి కూర్చుంది. మీట కిందికి దిగింది. పాత నిస్సీ గొంతు మళ్లీ గంటలా మోగింది. చూశారా, మైకు మార్చగానే ఎంత బాగుందో అని జనం ఈలలు వేశారు. ఆ సాయంత్రమే కామేషు నాకు తెల్ల పట్టీ అంటించాడు. నేను నాయుడి కొట్లో తుక్కుపెట్టెలో పడ్డాను.

సీజను ముగిశాక నిస్సీకి ఆపరేషన్ చేశారట. చాలాకాలానికి ఒక మధ్యాహ్నం కొట్టుకు వచ్చింది. పెట్టెలో చెయ్యి పెట్టి నన్ను తీసి, పట్టీ ఊడదీసి, బల్ల మీద పెట్టింది. నాయుడు తీగ తగిలించి ‘హలో’ అన్నాడు. కొట్టంతా ఖంగుమంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నిస్సీ నన్ను అందుకుని నోటి దగ్గర పెట్టుకుంది. ‘ఇటు తిరుగు’ అనబోయింది. మొదటి మెట్టు దగ్గరే గొంతు పోయి, ఊపిరి మాత్రం వచ్చింది. స్పీకరులో ఆ ఊపిరి ఎంత చక్కగా, ఎంత స్పష్టంగా వినబడిందని! నా పనితనాన్ని నేనే తిట్టుకున్నాను.

ఆమె నన్ను ఆపి నాయుడికి ఇచ్చింది.

“మైకు బాగైపోనాదని అందరికీ సెప్పీమంటావా అమ్మా?” అన్నాడు నాయుడు మెల్లగా.

ఆమె గబగబా తల అడ్డంగా ఊపింది. బల్ల మీదున్న పట్టీని తనే తీసి, మళ్లీ నాకు అంటించి, ఊడిపోకుండా బొటనవేలితో గట్టిగా నొక్కింది.